డార్క్ ఫ్యూచర్ ఆటల్లో మహాభూతాలు

డార్క్ ఫ్యూచర్ రోల్‌ప్లేయింగ్ ఆటలు రాబోయే కాలాన్ని చెడిపోయిన లోకంగా ఊహిస్తాయి. కొన్నింటిలో ప్రభుత్వాలు పేరుకే ఉంటాయి, అసలు రాజ్యం కార్పొరేషన్లది. మరికొన్నింటిలో వేల గ్రహాల సామ్రాజ్యం ఒకటి తన ప్రజలనే తింటూ నిలబడి ఉంటుంది. ఈ లోకాల్లో చాలావాటిలో యంత్రాల పక్కనే డ్రాగన్లు, రక్తపిశాచాలు, పరలోకపు భూతాలు కూడా తిరుగుతుంటాయి. శిథిలమైన కాశీలో వేల ఏళ్లుగా బతికున్న అశ్వత్థామను 2024లో వచ్చిన ‘కల్కి 2898 ఏడీ’లో చూసిన తెలుగువారికి ఈ కలయిక కొత్త కాదు. అయితే సినిమాలో అలాంటి పాత్ర ఏం చేయాలో రాసినవాళ్ల చేతిలో ఉంటుంది. ఆటలో అలా కాదు. బల్ల చుట్టూ కూర్చున్న నలుగురైదుగురు ఆటగాళ్లు తలా ఒక పాత్రను నడుపుతారు. మిగతా లోకాన్నంతా గేమ్ మాస్టర్ నడుపుతాడు. ఫలితం పాచికలు తేలుస్తాయి. ఒకే పాత్రలతో నెలల తరబడి సాగే ఇలాంటి ఆటనే కాంపెయిన్ అంటారు.

అందులోకి మహాబలశాలి అయిన భూతాన్ని తెస్తే సాధారణంగా రెండింటిలో ఒకటి జరుగుతుంది. మొదటి ఘర్షణలోనే పాత్రలన్నీ చనిపోయి కాంపెయిన్ ముగుస్తుంది. లేదంటే ఆటగాళ్లు భూతాన్ని చంపేస్తారు, దాంతో ఆ లోకంలో భయపడాల్సినదేమీ మిగలదు. ఈ చిక్కు నుంచి బయటపడే దారిని గత నాలుగు దశాబ్దాల్లో ఎన్నో ఆటలు వెతికాయి. వాటిలో ఎక్కువ లోతుకు వెళ్లినది ‘షాడోరన్’. అందుకే ఈ వ్యాసంలో దానికే ఎక్కువ చోటు.

అంకెల్లోకి దిగిన దేవతలు

రోల్‌ప్లేయింగ్ ఆటలకు ఆద్యమైన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ 1974లో వచ్చింది. రెండేళ్లకే, 1976లో, దానికి అనుబంధంగా వచ్చిన ‘గాడ్స్, డెమీ-గాడ్స్ అండ్ హీరోస్’ అనే పుస్తకం దేవతలకు కూడా ప్రాణబలాన్ని అంకెల్లో ఇచ్చింది. పాత్రల బలాన్ని అడ్డూ ఆపూ లేకుండా పెంచుకుంటూ పోయేవాళ్లకు అది ఎంత అసంబద్ధమో తెలియజెప్పడమే ఈ పుస్తకం ఉద్దేశమని సంపాదకుడు టిమ్ కాస్క్ ముందుమాటలో చెప్పాడు. ఆటగాళ్లలో చాలామందికి అది మరోలా అందింది. అంకె ఉందంటే దాన్ని సున్నాకు దించవచ్చని వాళ్లు అర్థం చేసుకున్నారు. 1980లో ‘డీటీస్ అండ్ డెమీగాడ్స్’ పేరుతో వచ్చిన విస్తృత రూపంలో ఇంద్రుడు, అగ్ని, కాళి కూడా ఇలాగే పట్టికల్లోకి ఎక్కారు.

దీనికి సరైన జవాబు 1981లో కేయాసియం సంస్థ తెచ్చిన ‘కాల్ ఆఫ్ కథుల్హు’ నుంచి వచ్చింది. శాండీ పీటర్సన్ రూపొందించిన ఈ ఆటకు హెచ్.పి. లవ్‌క్రాఫ్ట్ కథలు ఆధారం. ఇక్కడ కథుల్హుకు అంకెలు లేకపోలేదు, కానీ అవి పోరాటానికి ఉపయోగపడవు. అది ఒక్కో విడతలో ఒకరి నుంచి ముగ్గురు పరిశోధకులను, అంటే ఆటగాళ్ల పాత్రలను, పట్టి చంపేస్తుందని నియమం. ఎలాగో దాని ప్రాణబలాన్ని సున్నా చేసినా కాసేపటికి మళ్లీ రూపు కడుతుంది. ఆటగాళ్లు నిజంగా కాపాడుకోవాల్సింది ఒంటిని కాదు, మతిని. భూతాన్ని చూసిన ప్రతిసారీ పాత్ర మనోస్థైర్యం కొంత తరుగుతుంది, మళ్లీ పూర్తిగా కోలుకోవడం కష్టం. ఆ తర్వాత వచ్చిన డార్క్ ఫ్యూచర్ ఆటలన్నీ ఏదో ఒక రూపంలో ఈ ఆలోచనకు రుణపడి ఉన్నాయి.

షాడోరన్ లోకం

షాడోరన్‌ను అమెరికాలోని షికాగో నగరానికి చెందిన ఫాసా సంస్థ 1989లో ప్రచురించింది. జోర్డన్ వైస్‌మన్ స్థాపకుల్లో ఒకడైన సంస్థ అది. విలియం గిబ్సన్ ‘న్యూరోమాన్సర్’ 1984లో తెచ్చిన సైబర్‌పంక్ వాతావరణానికి మంత్రశక్తిని జోడించడం ఈ ఆట ప్రత్యేకత. గిబ్సన్‌కు ఈ కలయిక ఏమాత్రం నచ్చలేదు, ఆ సంగతి ఆయన బాహాటంగానే చెప్పాడు. ఆట కాలక్రమం ప్రకారం 2011 డిసెంబరు 24న మంత్రశక్తి లోకంలోకి తిరిగి వస్తుంది. ఆ రోజు జపాన్‌లో ఫుజి పర్వతం దగ్గర బుల్లెట్ రైలు ప్రయాణికుల కళ్లముందు ర్యూమ్యో అనే మహా డ్రాగన్ ఆకాశంలోకి లేస్తుంది. మొదటి ముద్రణలోని ఆట మాత్రం 2050లో, ప్రధానంగా సియాటిల్‌లో నడుస్తుంది. ఆటగాళ్ల పాత్రలు షాడోరన్నర్లు, అంటే కార్పొరేషన్లు బయటికి చెప్పుకోలేని పనులను డబ్బుకు చేసిపెట్టే కిరాయి మనుషులు.

ఈ ఆట నియమాల్లో ఎసెన్స్ అనే కొలత ఒకటుంది. దాన్ని తెలుగులో జీవసారం అనుకోవచ్చు. ప్రతి పాత్రకూ మొదట అది 6 ఉంటుంది. ఒంట్లో లోహపు చెయ్యి, కృత్రిమ కన్ను, నరాల వేగం పెంచే తీగలు, ఏది అమర్చుకున్నా ఆ సంఖ్య తగ్గుతుంది. మంత్రగాడికైతే దానితోపాటు మంత్రశక్తి కూడా తగ్గుతుంది. ఇదే ఆటలో రక్తపిశాచాలు ఒక వైరస్ సోకినవాళ్లు. వాళ్లు బతకడానికి మనుషుల నుంచి పీల్చుకునేది ప్రధానంగా ఈ ఎసెన్స్‌నే. కార్పొరేషన్ అమ్మే యంత్రభాగం, చీకటి సందులో ఎదురయ్యే పిశాచం, రెండూ పాత్ర కాగితంలో ఒకే గడిని కొరుకుతాయి. షాడోరన్ రూపకల్పనలో ఇంతకన్నా లోతైన నిర్ణయం మరొకటి లేదు. బయటి నుంచి తెచ్చి అతికించిన జంతువులా కాక భూతం ఆ లోకపు ఆర్థికవ్యవస్థలోనే పుట్టినదానిలా కనిపించడానికి కారణం ఇదే.

కుర్చీలో కూర్చున్న డ్రాగన్

షాడోరన్‌లోని మహా డ్రాగన్లు ఒంటిబలంలో కూడా భయంకరమైనవే. అయినా వాటి అసలు బలం మరోచోట ఉంది. లోఫ్‌వీర్ అనే డ్రాగన్ బి.ఎం.డబ్ల్యూ. వాటాలను చేజిక్కించుకుని, దాన్ని జర్మనీలోని ఎసెన్ కేంద్రంగా ‘సేడర్-క్రుప్’ అనే మహా కార్పొరేషన్‌గా మార్చింది. ఆ లోకంలో ఇంతటి కార్పొరేషన్ల ఆవరణల్లో దేశాల చట్టాలు చెల్లవు. కాబట్టి లోఫ్‌వీర్‌ను చంపాలంటే మందపాటి చర్మాన్ని ఛేదించే తుపాకీ ఒకటి దొరికితే సరిపోదు. దాని సైన్యాలు, న్యాయవాదులు, బ్యాంకులు, పది చేతులు మారి జీతం అందుకునే గూఢచారులు, అందరినీ దాటాలి. ఆ దారిలో సగం దూరం వెళ్లేలోపే ఆటగాళ్లకు తమకు పని ఇప్పిస్తున్నది కూడా అదే డ్రాగన్ అన్న సంగతి తెలిసిరావచ్చు. షాడోరన్నర్లకు పని అప్పజెప్పే దళారులందరినీ ‘మిస్టర్ జాన్సన్’ అనే పిలుస్తారు. ఆ పేరు వెనక ఎవరున్నదీ ముందుగా తెలియదు. రాబర్ట్ ఎన్. షారెట్ 1990లో రాసిన షాడోరన్ నవల పేరే డ్రాగన్‌తో ఎన్నడూ బేరం పెట్టుకోవద్దనే హెచ్చరిక.

రెండో గొప్ప ఉదాహరణ డంకెల్‌జాన్. మనుషులతో మాట్లాడటాన్ని ఇష్టపడిన డ్రాగన్ ఇది. 2012లో డెన్వర్ దగ్గర ఒక విలేఖరికి పన్నెండు గంటలకు పైగా ఇంటర్వ్యూ ఇచ్చింది. ఆ తర్వాత టెలివిజన్ కార్యక్రమం నడిపింది. చివరికి ఉత్తర అమెరికాలోని యు.సి.ఎ.ఎస్. అనే దేశానికి అధ్యక్ష పదవికి పోటీ చేసి గెలిచింది. 2057 ఆగస్టు 9న పదవీ స్వీకారం చేసిన రాత్రే వాషింగ్టన్‌లో హత్యకు గురైంది. ఫాసా 1996లో ప్రచురించిన ‘పోర్ట్‌ఫోలియో ఆఫ్ ఎ డ్రాగన్’లో దాని వీలునామా ఉంది. ఎవరెవరికి ఏమేమి దక్కాలో, ఏ పని చేసినవారికి ఏ బహుమతి ముట్టాలో అందులో పేజీల కొద్దీ ఉంది. ఒక్కో వాక్యం ఒక్కో సాహసానికి దారి. కంపెనీ వాటాలు, పాత ఆయుధాలు, రహస్యాల మీద హక్కులు ఒక్కసారిగా చేతులు మారడంతో లోకం మొత్తం కదిలింది.

మహాభూతాన్ని కాంపెయిన్‌లో వాడుకోవడం నేర్చుకోవాలనుకునే గేమ్ మాస్టర్‌కు చదవమని సూచించాల్సిన మొదటి పుస్తకం అదే. అంత పెద్ద జీవి ఆటగాళ్ల ఎదుటికి ఒక్కసారి కూడా రానక్కర్లేదు. అది ఏం కోరుకుంది, ఏం దాచింది, దాని లోటు ఎవరికి లాభం అన్న ప్రశ్నల చుట్టూ ఏళ్ల తరబడి ఆట నడుస్తుంది. హత్య జరిగినచోట ఏర్పడిన చీలిక నుంచి 2061లో ఘోస్ట్‌వాకర్ అనే మరో డ్రాగన్ బయటపడి డెన్వర్‌ను వశం చేసుకుంది. అలా ఒక మరణం మరో కథకు తలుపు తీసింది.

కీటక భూతాలు

డ్రాగన్‌తో మాట్లాడవచ్చు. కీటక భూతంతో మాట్లాడటానికి ఏమీ ఉండదు. షాడోరన్‌లోని కీటక భూతాలు పరలోకం నుంచి వస్తాయి. ఇక్కడ నిలవడానికి వాటికి మనిషి దేహం కావాలి. దేహంలోకి దిగినప్పుడు కొందరు బయటికి మనిషిలాగే కనిపిస్తారు, మరికొందరు సగం పురుగుగా మారిపోతారు. వాటన్నింటికీ పైన రాణి ఉంటుంది. ఈ భూతాలను పిలిచే షామన్ అనే మంత్రగాడికి, మొదట్లో తానే అదుపులో ఉంచుతున్నాననే భ్రమ ఉంటుంది.

వాటిని ఆటగాళ్లకు పరిచయం చేసిన క్రమం గమనించదగ్గది. 1990లో వచ్చిన ‘క్వీన్ యుఫోరియా’ అనే సాహసంలో ఆటగాళ్లకు అప్పజెప్పిన పని మామూలుదే: ఒక సినీతారలాంటి ప్రముఖురాలిని అపహరించడం. డబ్బు తీసుకుని పని ముగించాకే, ఆమె ఎలాంటి గూటికి చేరిందో వాళ్లకు తెలుస్తుంది. ఆమెను అక్కడికి పంపింది వాళ్ల చేతులే. అదే ఏడు వచ్చిన ‘ది యూనివర్సల్ బ్రదర్‌హుడ్’ మరో అడుగు ముందుకు వేసింది. ఆ పేరు ఒక సేవాసంస్థది. దిక్కులేనివాళ్లకు అన్నం, ఒంటరివాళ్లకు ఓదార్పు, బెంగపడినవాళ్లకు సలహా, ఇవన్నీ అక్కడ ఉచితం. అలా చేరినవాళ్ల నుంచే భూతాలకు దేహాలు ఎంపికవుతాయి. పుస్తకంలో కొంత భాగం ఆ లోకంలోనే రాసిన పత్రాల రూపంలో ఉంటుంది. ఆటగాళ్లు వాటిని చదువుకుంటూ పోతుంటే నిజం కొంచెం కొంచెంగా బయటపడుతుంది.

ఇక్కడ భయం ఎక్కడినుంచి పుడుతోందో చూడాలి. గోళ్లు, కోరల నుంచి కాదు. ఎవరూ పట్టించుకోని మనుషులను చేరదీసే చోటు ఆ నగరంలో అదొక్కటే. ప్రభుత్వమూ కార్పొరేషన్లూ వాళ్లను ఎప్పుడో వదిలేశాయి కాబట్టే పురుగులకు తిండి దొరికింది. చీకటి భవిష్యత్తు చేసిన గాయంలోనే భూతం గూడు కట్టుకుంది. ఆ గాయం లేని లోకంలో ఇదే భూతాన్ని పెడితే మామూలు రాక్షసి కథ అవుతుంది.

1994లో వచ్చిన ‘బగ్ సిటీ’తో దాచడం ముగిసింది. ఆట కాలక్రమంలో 2055లో షికాగోలోని గూళ్లు ఒక్కసారిగా బద్దలవుతాయి. సర్మాక్ వీధి దగ్గరున్న గూట్లో అణ్వస్త్రం పేలుతుంది. నగరం నడిబొడ్డు చుట్టూ గోడ లేస్తుంది, లోపల చిక్కుకున్నవాళ్లకు తిండి, నీళ్లు, తూటాలు, అన్నీ కరువే. ఫాసా కార్యాలయం ఉన్న ఊరే కావడంతో ఆ నగరపు భూగోళాన్ని రచయితలు బాగా ఎరిగినట్టు పుస్తకంలో తెలుస్తుంది. అయితే రహస్యం ఉన్నప్పటి బిగువు ఈ దశలో కొంత తగ్గిందనే చెప్పాలి. లోకమంతా చూసిన భూతం క్రమంగా యుద్ధరంగంలోని శత్రువుగా మారిపోతుంది.

వీటన్నింటికీ వెనక మరో పొర ఉంది. ఫాసా 1993లో తెచ్చిన ‘ఎర్త్‌డాన్’ ఇదే భూమి మీద వేల ఏళ్ల కిందటి యుగంలో నడుస్తుంది. మంత్రశక్తి పొంగినప్పుడు ‘హారర్లు’ అనే భూతాలు లోకం మీద పడతాయనీ, అప్పటి ప్రజలు భూగర్భ ఆశ్రయాల్లో తరాల తరబడి దాక్కున్నారనీ ఆ ఆట చెబుతుంది. షాడోరన్‌లోని కొన్ని డ్రాగన్లు ఆ కాలం నుంచి బతికున్నవే. రాబోయే ఆపద ఏమిటో వాటికి తెలుసు. మనుషులు వాటి చర్యలను కుట్రలుగా చూస్తారు, నిజానికి వాటిలో కొన్ని కట్టడి ప్రయత్నాలు. ఈ సంగతి తెలిశాక డ్రాగన్‌ను చంపడం మంచిదా చెడ్డదా అన్నది ఆటగాళ్లకు నిజమైన ధర్మసందేహం అవుతుంది.

ఇతర ఆటల దారులు

గేమ్స్ వర్క్‌షాప్ వారి ‘వార్‌హామర్ 40,000’ 1987లో బొమ్మల యుద్ధంగా మొదలైంది. ఆ లోకంలో నడిచే రోల్‌ప్లేయింగ్ ఆట ‘డార్క్ హెరసీ’ 2008లో వచ్చింది. దాని రూపకర్తల్లో ఒకడైన మైక్ మేసన్ తర్వాత ‘కాల్ ఆఫ్ కథుల్హు’ ఏడో ముద్రణకు సహరచయిత అయ్యాడు. డార్క్ హెరసీలో భూతాలు వార్ప్ అనే పరలోకంలో ఉంటాయి. మానసికశక్తిని వాడే ప్రతిసారీ ఆ లోకపు గోడ పలచబడే ప్రమాదం ఉంటుంది, అంటే భూతానికి తలుపు తీసేది ఆటగాడి పాచికే. భూతాల సామీప్యం వల్ల పాత్రలకు పిచ్చి, కాలుష్యం అనే రెండు లెక్కలు పెరుగుతాయి. రెండింటిలో ఏది 100కు చేరినా ఆ పాత్ర ఆటగాడి చేయి దాటిపోతుంది. భూతాన్ని గెలిచినవాడు కూడా దానికి కొంత దగ్గరవుతాడు. దీర్ఘ కాంపెయిన్‌కు ఇంతకన్నా క్రూరమైన, ఇంతకన్నా న్యాయమైన పద్ధతి దొరకదు.

కెవిన్ సింబీడా 1990లో తెచ్చిన ‘రిఫ్ట్స్’ దీనికి పూర్తిగా వేరు. అక్కడ ఒక యూనిట్ ‘మెగా-డ్యామేజ్’ మామూలు దెబ్బలు వందకు సమానం. డ్రాగన్ పిల్లను కూడా ఆటగాడు తన పాత్రగా ఎంచుకోవచ్చు. ఈ ఆటలో మెచ్చుకోదగినది రక్తపిశాచాల నియమం. 1991 నాటి ‘వాంపైర్ కింగ్‌డమ్స్’ ప్రకారం లేజర్ తుపాకులు, ఉక్కు కవచపు యంత్రాలు పిశాచాలను ఏమీ చేయలేవు. కొయ్య, వెండి, పారే నీరు వాటిని చంపుతాయి. అందుకే ఆ పిశాచ రాజ్యాల సరిహద్దుల్లో వేటగాళ్లు నీళ్ల తుపాకులు పట్టుకుని తిరుగుతారు. వాడే ఆయుధం మారితే బలాబలాలు తలకిందులవుతాయి. ఆ రహస్యాన్ని ఆటగాళ్లు కష్టపడి తెలుసుకోవడంలోనే ఆనందం ఉంది.

‘డెడ్‌లాండ్స్: హెల్ ఆన్ ఎర్త్’ 1998లో వచ్చింది. యుద్ధంలో నాశనమైన అమెరికాలో ప్రజల భయమే భూతాలకు ఆహారం. ఒక ప్రాంతంలో భయం ఎంత ముదిరిందో చెప్పే అంచెలు ఉంటాయి. అక్కడి భూతాన్ని ఓడించి, ఆ కథను నలుగురికీ చెప్పగలిగితే ఆ అంచె తగ్గుతుంది. లోకాన్ని శాసించే మహాభూతాలను పాత్రలు తాకలేకపోవచ్చు. ఒక ఊళ్లో మాత్రం వాటి పట్టు సడలించవచ్చు. ‘సైబర్‌పంక్ 2020’కు అనుబంధంగా 1992లో ఐయానస్ సంస్థ తెచ్చిన ‘నైట్స్ ఎడ్జ్’ కూడా నియాన్ వెలుగుల నగరంలోకి రక్తపిశాచాలను, తోడేలు మనుషులను దించింది. అసలు ఆటలో మంత్రశక్తి లేదు కాబట్టి అది ప్రత్యామ్నాయ లోకంగానే నిలిచిపోయింది.

గేమ్ మాస్టర్ చేతిలో

ఈ ఆటలన్నింటినీ దగ్గర పెట్టుకుని చూస్తే, భూతం ఎంత పెద్దదైతే దాని చుట్టూ అంత పెద్ద యంత్రాంగం ఉండాలని అర్థమవుతుంది. సిద్ధం చేసుకునేటప్పుడు భూతం దగ్గర మొదలుపెట్టడం కన్నా అట్టడుగు నుంచి మొదలుపెట్టడం మేలు: గిడ్డంగి కాపలాదారు, అతనికి జీతమిచ్చే కాంట్రాక్టరు, కాంట్రాక్టరు ఫోన్ చేసే గుమాస్తా. ఒక్కొక్కరికీ తమ పైవాడి గురించి కొంతే తెలుసు. ఆటగాళ్లు ఒక్కో మెట్టు ఎక్కుతుంటే, ప్రతి మెట్టు దగ్గరా ఓడించదగిన శత్రువు, కాపాడదగిన మనిషి, దొంగిలించదగిన కాగితం దొరకాలి. పైనున్నదాన్ని ఎప్పటికీ చంపలేకపోయినా, దాని చేయి ఒకటి నరకగలిగామన్న తృప్తి ఆడిన ప్రతిసారీ దక్కుతుంది.

భూతానికి ఏం కావాలో గేమ్ మాస్టర్‌కు కచ్చితంగా తెలియాలి. లోకాన్ని నాశనం చేయడమన్నది పనికొచ్చే కోరిక కాదు, అలాంటి భూతంతో బేరం కుదరదు, దాన్ని మోసగించడమూ కుదరదు. ఫలానా గని, ఫలానా బిడ్డ, ఫలానా ఒప్పందం కావాలంటే ఆటగాళ్లు అడ్డుపడటానికీ, అమ్ముకోవడానికీ, అబద్ధం చెప్పడానికీ వీలుంటుంది. అలాగే దాని ఉనికికి ఒక హద్దు ఉండాలి. షాడోరన్‌లో భూతాలకు మామూలు ఆయుధాల నుంచి రక్షణ ఉంటుంది, భూతం బలం పెరిగేకొద్దీ ఆ రక్షణా పెరుగుతుంది. మంత్రగాడు దాన్ని తరిమేయగలడు, తుపాకీ పట్టుకున్న పాత్రలు మాత్రం చేతులు కట్టుకుని చూస్తుండిపోవచ్చు. ఒక రాత్రంతా అలా గడిస్తే ఆ ఆటగాళ్లకు విసుగు రావడం సహజం. భూతాన్ని పిలుస్తున్న షామన్‌ను వెతికి పట్టుకోవడం, క్రతువు జరిగే భవనానికి కరెంటు ఆపడం, బందీలను బయటికి తీయడం లాంటి పనులు అదే సమయంలో వాళ్లకు దక్కేలా చూడాలి.

ఎదుటికి వచ్చినప్పుడు భూతాన్ని చంపడానికి కాదు, తప్పించుకోవడానికి వీలుగా రంగం ఉండాలి. ఈ సంగతి ఆటగాళ్లకు ముందే తెలియాలి. పారిపోవచ్చన్న సూచన లేకపోతే చాలామంది ఆటగాళ్లు నియమాల ప్రకారం పోరాటమే తమ నుంచి ఆశిస్తున్నారనుకుంటారు. నేలమాళిగలో ముందుగా కనిపించిన వేరే ముఠా శవాలు, వాళ్ల దగ్గర తమకన్నా మంచి ఆయుధాలు, అంతకు మించి చెప్పనవసరం లేదు.

కీటక భూతాల్లాంటి విషయాల్లో మరో జాగ్రత్త తప్పదు. ఇతరుల దేహాన్ని ఆక్రమించడం, గర్భాన్ని పోలిన ప్రక్రియలు, పిల్లల అపహరణ అందరూ ఆటగా తీసుకోలేరు. కాంపెయిన్ మొదలయ్యేముందే కూర్చుని ఏది వద్దో మాట్లాడుకోవడం, మధ్యలో ఎవరైనా ఆపమని సూచించడానికి జాన్ స్టావ్రోపొలోస్ రూపొందించిన ఎక్స్-కార్డ్‌ను బల్ల మీద ఉంచడం ఇప్పుడు చాలా బృందాల్లో అలవాటు. భయం పండాలంటే బల్ల చుట్టూ ఉన్నవాళ్ల మధ్య నమ్మకం ఉండాలి కాబట్టి ఇది ఆటను బలహీనపరచదు.

తెర మీద

వైస్‌మన్ తర్వాతి సంస్థ హేర్‌బ్రెయిన్డ్ స్కీమ్స్ 2012లో కిక్‌స్టార్టర్ ద్వారా 18 లక్షల డాలర్లకు పైగా సేకరించి, షాడోరన్‌ను మళ్లీ కంప్యూటర్ మీదికి తెచ్చింది. 2013 నాటి ‘షాడోరన్ రిటర్న్స్’ ఒక హత్య దర్యాప్తుగా మొదలై సియాటిల్‌లోని యూనివర్సల్ బ్రదర్‌హుడ్ దాకా వెళుతుంది. 2014 నాటి ‘డ్రాగన్‌ఫాల్’ బెర్లిన్‌లో జరుగుతుంది. ఫాయర్‌ష్వింగె అనే డ్రాగన్‌ను ఒకప్పుడు నేలకూల్చడంలో పాలుపంచుకున్న శాస్త్రవేత్త ఇప్పుడు డ్రాగన్లన్నింటినీ తుడిచిపెట్టాలనుకుంటాడు. అతని వాదనలో న్యాయం ఉంది. ఆటగాడు అతని పక్షం చేరవచ్చు కూడా.

2015 నాటి ‘షాడోరన్: హాంకాంగ్’ కౌలూన్ వాల్డ్ సిటీని నేపథ్యంగా తీసుకుంది. ఆ మురికివాడలో జనానికి రాత్రుళ్లు ఒకేలాంటి పీడకలలు వస్తుంటాయి. వాటి వెనక ఉన్నది చియెన్ యా అనే యమరాణి. భారతదేశపు యముడు బౌద్ధంతో పాటు చైనాకు వెళ్లి అక్కడి నరకాధిపతుల్లో ఒకడయ్యాడు. ఈ కథలోని యమలోక పాలకులకు మూలం ఆ సంప్రదాయమే. ఆమె ఆకలి తీరేది ఆ వాడలోని దరిద్రంతో, నిరాశతో. కథ చివర ఆమె ఎదుటపడినప్పుడు కత్తి దూయడం ఒక్కటే మార్గం కాదు. అంతదాకా సేకరించిన సమాచారాన్ని బట్టి ఆమెతో వాదించవచ్చు, బేరమాడవచ్చు. ఆ బేరంలో ఎవరిని వదులుకోవాలన్నది ఆటగాడు తేల్చుకోవాలి.